ఆ ‘ఒంటరి ఓడ’ ఫార్వర్డ్ ఇక ఆపండి

ఈ నెలలో ఇది ఐదోసారి. చదువుకున్నవాళ్లు, లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా చదివీ చదవకుండానే పంపేస్తున్నారు. పైన “గొర్రెల మందలో నడవకు: అట్లాంటిక్ నేర్పిన పాఠం” అని పెద్దక్షరాలు, కింద “నచ్చితే పదిమందికి పంపండి” అని దణ్ణం బొమ్మ. మధ్యలో ఎనిమిది పాయింట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడల్ని కాన్వాయ్‌లుగా కట్టి పంపడం మూర్ఖత్వమట. అందుకే అవి జర్మన్ యు-బోట్లకి, అంటే జలాంతర్గాములకి, గంపగుత్తగా దొరికాయట. ఏ ఓడ దారిన ఆ ఓడ వెళ్లి ఉంటే బతికేవట. కాబట్టి జీవితంలో కూడా ఒంటరిగా నడిచేవాడే గెలుస్తాడట.

జీవితంలో ఎవరు ఎలా నడుస్తారో వాళ్లిష్టం. కానీ ఆ ఆరేళ్లూ ఆ సముద్రం మీద ఏ ఓడ ఏ రోజు ఎక్కడ మునిగిందో రాసి ఉంది. దాన్ని తలకిందులు చేసి పాఠం అని పంచితే ఊరుకోవడం నా వల్ల కాదు.

చిల్లర విషయాలు ముందు తేల్చేస్తాను. బొమ్మలో ఉన్నది అణుశక్తితో నడిచే విమానవాహక నౌక. 1942లో అలాంటిది ఏ దేశానికీ లేదు. ఎనిమిదో పాయింటు, “యు-బోట్లు వారాల తరబడి నీళ్ల కిందే తిరిగేవి” అన్నది, శుద్ధ తప్పు. అది ఎంత పెద్ద తప్పో రెండో పాయింటు దగ్గర తెలుస్తుంది.

“సముద్రం ఎంత పెద్దదో చూడండి. ఒక్క ఓడ ఎవరి కంటపడుతుంది? నలభై ఓడలు ఒకచోట ఉంటే ఎవరికైనా కనిపిస్తాయి.”

ఇది మొదటి పాయింటు. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 దాకా, బ్రిటిష్ నౌకాదళమే దీన్ని నమ్మింది. అందుకని కోప్పడకుండా లెక్క చేసి చూపిస్తాను.

యు-బోటు మీద కాపలా నిలబడ్డవాడికి ఒక ఓడ పొగో, స్తంభం కొనో 10 నాటికల్ మైళ్ల దూరం నుంచి కనిపిస్తుందనుకుందాం. అంటే ఒంటరి ఓడ ప్రయాణం పొడవునా అటు 10, ఇటు 10, మొత్తం 20 మైళ్ల వెడల్పు పట్టీలో తనని తాను బయటపెట్టుకుంటూ పోతుంది. నలభై ఓడలు నలభై దారుల్లో వెళితే అలాంటి పట్టీలు నలభై, అంటే 800 మైళ్ల వెడల్పు. ఇప్పుడు ఆ నలభై ఓడల్నీ 4 మైళ్ల వెడల్పున్న ఒక కాన్వాయ్‌గా కట్టండి. అటు అంచు నుంచి 10, ఇటు అంచు నుంచి 10, మధ్యలో 4. మొత్తం 24 మైళ్లు. 800 ఎక్కడ, 24 ఎక్కడ? మిగిలిన సముద్రమంతా ఖాళీ. అక్కడ మాటు వేసిన యు-బోటు వారాల తరబడి ఇంధనం, తిండి కరగబెట్టుకుని ఒక్క ఓడనీ చూడకుండా ఇంటికి పోతుంది. సముద్రం పెద్దదన్న మాట నిజమే. ఓడల్ని ఒకచోట చేర్చినప్పుడే ఆ పెద్దతనం పనికొస్తుంది.

దొరికాక ఏం జరుగుతుందన్నది రెండో సగం. టైప్ 7సి యు-బోటులో టార్పెడోలు 14. ముందు నాలుగు గొట్టాలు, వెనక ఒకటి. నాలుగూ వదిలాక మళ్లీ నింపడానికి సమయం పడుతుంది, ఈలోగా కాన్వాయ్ దాటిపోతుంది, పైగా రక్షక నౌకలు వెంటపడతాయి. నలభై ఓడలున్నా ఎనభై ఓడలున్నా ఒక రాత్రిలో ఒక యు-బోటు చేయగలిగింది దాదాపు అంతే. ఒంటరి ఓడ దొరికితే తొందరేమీ లేదు. వెంటాడవచ్చు, వేచి ఉండవచ్చు, టార్పెడో మిగుల్చుకుని పైకి తేలి డెక్ మీది 88 మిల్లీమీటర్ల తుపాకితో కాల్చి ముంచవచ్చు. అడ్డం వచ్చేవాడు లేడు.

ఈ లెక్కని యుద్ధం మధ్యలో కాగితం మీద పెట్టినవాళ్లలో ముఖ్యుడు ప్యాట్రిక్ బ్లాకెట్. భౌతికశాస్త్రంలో 1948 నోబెల్ ఆయనదే. మన దేశంలో రక్షణ పరిశోధన ఎలా ఉండాలో అదే 1948లో నెహ్రూ ప్రభుత్వానికి నివేదిక రాసిచ్చిందీ ఆయనే. ఆయన బృందం చూపించింది ఏమిటంటే, 80 ఓడల కాన్వాయ్ చుట్టుకొలత 40 ఓడల కాన్వాయ్ చుట్టుకొలత కంటే ఏడో వంతు మాత్రమే ఎక్కువ. కాపలా కాయాల్సింది చుట్టుకొలతనే. కాబట్టి చిన్న చిన్న గుంపులు కాదు, ఇంకా పెద్ద గుంపులు కట్టండి అన్నారు. కట్టారు. 1944 జులైలో న్యూయార్క్ నుంచి బయల్దేరిన హెచ్‌ఎక్స్-300లో 160కి పైగా ఓడలు, సుమారు 10 లక్షల టన్నుల సరుకు. కాపలాకి ఏడు చిన్న యుద్ధనౌకలు: ఒక ఫ్రిగేటు, ఆరు కార్వెట్లు. ఆ కాన్వాయ్‌లో ఒక్క ఓడ కూడా పోలేదు.

ఇవి కాగితం లెక్కలంటారా? సముద్రమే మూడుసార్లు పరీక్ష పెట్టింది. 1917 ఏప్రిల్‌లో, ఓడలు విడివిడిగా తిరుగుతున్నప్పుడు, ఒక్క నెలలో 8.5 లక్షల టన్నులకు పైగా మునిగాయి. కాన్వాయ్ కట్టండి అంటే, వారానికి 2,500 ఓడలు వస్తాయి, 2,500 వెళతాయి, అన్నిటికీ కాపలా ఎక్కడిది అని నౌకాదళం వాదించింది. కమాండర్ హెండర్సన్ ఆ లెక్క విప్పి చూస్తే అందులో తీరం వెంట తిరిగే చిన్న చిన్న పడవలూ కలిసి ఉన్నాయి. మహాసముద్రం దాటి వచ్చేవి వారానికి 120 నుంచి 140 మాత్రమే. కాన్వాయ్‌లు మొదలయ్యాక వాటిలో వెళ్లిన ఓడల నష్టం 1 శాతానికి లోపే.

రెండోసారి, 1940 నవంబరులో, ఒంటరిగా వెళ్లడానికి కావలసిన కనీస వేగాన్ని 15 నాట్ల (గంటకి 15 నాటికల్ మైళ్ల) నుంచి 13కి తగ్గించారు. ఫార్వర్డ్ రాసినవాళ్లు కోరుకున్నది సరిగ్గా ఇదే. కొంచెం చురుకైన ఓడల్ని గుంపు నుంచి విడిపించారన్నమాట. ఒంటరి ఓడల నష్టం కాన్వాయ్ ఓడల కంటే రెట్టింపు దాటింది. 1941 జూన్‌లో మళ్లీ 15 చేశారు.

మూడోసారి 1942 జనవరి, అమెరికా తూర్పు తీరం. కాపలా చాలనప్పుడు కాన్వాయ్ కట్టకపోవడమే మేలని అమెరికా నౌకాదళం అనుకుంది. ఓడలు ఒక్కొక్కటిగా, ఊళ్ల దీపాల వెలుగులో నల్లగా కనిపిస్తూ వెళ్లాయి. జర్మన్ యు-బోట్ల అధిపతి డోనిట్జ్ మొదటి విడతగా పంపింది ఐదు యు-బోట్లనే. అవి చేసిన విధ్వంసం చూసి ఇంకా పంపాడు. మే మధ్యలో హాంప్టన్ రోడ్స్ నుంచి కీ వెస్ట్ దాకా కాన్వాయ్‌లు మొదలవగానే యు-బోట్లు అక్కడి నుంచి జరిగి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి, కరీబియన్‌కి పోయాయి. ఎందుకంటే అక్కడ ఇంకా ఓడలు ఒంటరిగా తిరుగుతున్నాయి. కాన్వాయ్ అంత తేలిగ్గా దొరికే మేత అయితే వేటగాడు దాన్ని వదిలి ఎందుకు పోతాడు? ఈ ఒక్క ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పాక ఆ మెసేజ్ మళ్లీ పంపండి.

“ఎస్‌సి-7 కాన్వాయ్: 35 ఓడల్లో 20 మునిగాయి. ఇదీ గుంపు ఫలితం.”

ఇది రెండో పాయింటు. అంకెలు సరైనవే, 1940 అక్టోబరు. కారణం మాత్రం తప్పు. ఆ 35 ఓడలకి ప్రయాణంలో చాలా భాగం కాపలా ఉన్నది స్కార్‌బరో అనే ఒక్క స్లూపు (చిన్న కాపలా నౌక). చివర్లో వచ్చి కలిసిన నౌకలు అంతకు ముందు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసినవి కావు. ఎవరు ఎటు వెళ్లాలో ముందే అనుకున్న పద్ధతి లేదు, రాడార్ లేదు. దాని వెనకే వచ్చిన హెచ్‌ఎక్స్-79కి కాపలా ఎక్కువ ఉంది, అయినా 49లో 12 పోయాయి. అంటే నౌకలు ఉంటే చాలదు, అవి కలిసి సాధన చేసి ఉండాలి.

ఎనిమిదో పాయింటు తప్పు ఇక్కడే బయటపడుతుంది. టైప్ 7సి నీటి పైన 17 నాట్లకు పైగా పోతుంది. నీటి కింద బ్యాటరీల మీద 4 నాట్ల చొప్పున వెళితే 80 మైళ్లకి బ్యాటరీ ఖాళీ. 7 నాట్ల ముసలి కాన్వాయ్‌ని కూడా అది నీళ్ల కింద నుంచి అందుకోలేదు. కాబట్టి రాత్రిపూట పైకి తేలి, టార్పెడో పడవలాగా వచ్చేది. మునిగి ఉన్నదాన్ని పసిగట్టే ఆస్‌డిక్‌కి తేలి ఉన్నది దొరకదు. ఫ్లవర్ తరగతి కార్వెట్ వేగం 16 నాట్లే కాబట్టి పట్టుకోనూ లేదు. క్రెట్ష్‌మర్ లాంటి యు-బోటు కెప్టెన్లు ఏకంగా వరుసల మధ్యలోకి దూరి కాల్చేవారు. కాపలావాళ్లు బయట వెతుకుతుంటే శత్రువు లోపల ఉన్నాడు. లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్, ఆయన దగ్గర పనిచేసిన మహిళా నౌకాదళ సిబ్బంది నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, బొమ్మ ఓడల్ని జరిపి 1942లో దీన్ని తేల్చారు. దానికి విరుగుడుగా వాళ్లు తయారు చేసిన ఎత్తుకి ‘రాస్ప్‌బెర్రీ’ అని పేరు.

తేలితేనే వేగం, మునిగితే నత్తనడక. అందుకే పైన విమానం తిరుగుతుంటే చాలు. అది ముంచక్కర్లేదు, యు-బోటు నీళ్ల కిందకి దిగేలా చేస్తే కాన్వాయ్ దాటిపోతుంది. 1943 వసంతంలో దూరం వెళ్లే లిబరేటర్ విమానాలు, చిన్న విమానవాహక నౌకలు వచ్చి సముద్రం మధ్యన విమానాలు చేరలేని ఖాళీని పూడ్చాక మే నెల ఒక్కదానిలో 41 యు-బోట్లు పోయాయి. మే 24న డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి వాటిని వెనక్కి పిలిచాడు. ఆ నెల ఎస్‌సి-130 కాన్వాయ్ మీద పడ్డ యు-బోట్లకి ఒక్క సరుకు ఓడ కూడా చిక్కలేదు. యు-బోట్లు వచ్చి పడింది కాన్వాయ్ దగ్గరికే కాబట్టి వాటిని వేటాడటానికి సముద్రమంతా తిరగాల్సిన పని లేకపోయింది.

అంతకు రెండు నెలల ముందు, 1943 మార్చిలో, హెచ్‌ఎక్స్-229, ఎస్‌సి-122 రెండూ కలిపి 22 ఓడలు పోగొట్టుకున్నాయని నాకూ తెలుసు. ఆ సంగతి ఎందుకు అలా జరిగిందో కింద చెబుతాను.

“పీక్యూ-17 కాన్వాయ్ సర్వనాశనమైంది.”

ఇది మూడో పాయింటు. దీన్ని సాక్ష్యంగా తెచ్చినవాళ్లు అసలు కథ సగం కూడా చదవలేదు. ఇది ఆర్కిటిక్ కాన్వాయ్, 1942 జూన్ చివర ఐస్‌లాండ్ నుంచి రష్యాకి. జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ వస్తోందన్న భయంతో జులై 4 రాత్రి లండన్ నుంచి అడ్మిరల్ డడ్లీ పౌండ్ ఆజ్ఞ పంపాడు: కాన్వాయ్ చెదిరిపోవాలి. అప్పటికి పోయినవి 3 ఓడలు. చెదిరి, ఎవరి దారిన వాళ్లు ఒంటరిగా వెళ్లాక విమానాలు, యు-బోట్లు ఒక్కొక్కదాన్నీ ఏరుకున్నాయి. మొత్తం 24. టిర్పిట్జ్ వాటి దాకా రానే లేదు. ఒంటరి ప్రయాణం ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ తెచ్చి గుంపు మీద నేరం మోపుతున్నారు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. చెదిరిపోవడం ఎప్పుడూ తప్పని కాదు. పెద్ద ఫిరంగులున్న యుద్ధనౌక ఎదురైతే చెదరడమే సరి. 1940 నవంబరు 5న అడ్మిరల్ షేర్ అనే జర్మన్ నౌక హెచ్‌ఎక్స్-84 మీద పడినప్పుడు, కాపలాగా ఉన్న జెర్విస్ బే ఎదురెళ్లి తాను మునిగింది. ఈలోగా మిగతావి చీకట్లోకి చెదిరిపోయాయి, పోయినవి 5 సరుకు ఓడలే. అయితే దానికీ హద్దుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ రోజున, మన తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో కాపలా లేకుండా విడివిడిగానూ చిన్న చిన్న గుంపులుగానూ పోతున్న సరుకు ఓడల్ని జపాన్ క్రూయిజర్లు, విమానాలు వెతికి వెతికి ముంచాయి. ఆ కొద్ది రోజుల్లో 20కి పైగా. అక్కడ కాన్వాయ్ కట్టినా క్రూయిజర్లని ఆపలేకపోయేది, ఒప్పుకుంటాను. విడివిడిగా వెళ్లడం కూడా వాళ్లని కాపాడలేదు.

నాలుగోది, “క్వీన్ మేరీ ఒంటరిగా వెళ్లింది, ఎవరూ ముట్టుకోలేకపోయారు.” నిజం. ఆ ఓడ వేగం 28 నాట్లకు పైన. అంత వేగంగా పోయేదాన్ని కొట్టాలంటే యు-బోటు ముందే దాని దారిలో ఉండాలి. అలాంటి ఓడలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఎక్కించింది సైనికుల్ని. గోధుమలు, ముడి చమురు, ఇనుప ఖనిజం మోసిన వేలాది ఓడలు 8, 9, 10 నాట్లవి. కొత్తగా కట్టిన లిబర్టీ ఓడ కూడా 11 నాట్లే.

ఏడోది, యు-బోట్లని ఓడించింది ఎనిగ్మా (జర్మన్ల రహస్య సంకేత యంత్రం) గుట్టు విప్పడం ఒక్కటేనట. ట్యూరింగ్ బృందం చేసిన పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. 1941 రెండో సగంలో కాన్వాయ్‌ల దారి మళ్లించి ఎన్ని ఓడల్ని కాపాడిందో చెప్పలేం. కానీ “ఒక్కటే” అన్న మాట తప్పు. అట్లాంటిక్ యు-బోట్లు నాలుగు చక్రాల యంత్రానికి మారాక 1942 ఫిబ్రవరి నుంచి డిసెంబరు మధ్య దాకా ఆ సందేశాలు చదవలేకపోయారు. అదే కాలంలో, ఆ తర్వాత 1943 జూన్ దాకా, జర్మన్లు మిత్రపక్షాల కాన్వాయ్ సంకేతాన్ని చదువుతున్నారు. ఆ పది నెలలూ ఓడలు ఆగలేదు. యు-బోటు రేడియోలో మాట్లాడగానే దిక్కు పట్టేసే హఫ్-డఫ్, పెరిస్కోపుని కూడా చూడగల 10 సెంటీమీటర్ల రాడార్, 24 బాంబుల్ని ముందుకు విసిరే హెడ్జ్‌హాగ్, లివర్‌పూల్ సుద్దగీతలు, విమానాలు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా కథ మారేది.

ఐదో పాయింటు దగ్గర నేను తగ్గాలి. “గుంపులో అందరూ అందరికంటే నిదానమైనవాడి వేగంతో నడవాలి. అది నష్టం కాదా?” అవును, నష్టమే. పెద్ద నష్టం. ఓడలన్నీ చేరేదాకా కెనడాలోని హాలిఫాక్స్ రేవులో లంగరు వేసి రోజుల తరబడి ఎదురుచూడాలి. 12 నాట్లు పోగలిగినది 9 నాట్లతో పోవాలి. అవతల లివర్‌పూల్‌కో క్లైడ్‌కో యాభై ఓడలు ఒక్కసారిగా వస్తే క్రేన్లు, రైలు పెట్టెలు, కూలీలు సరిపోరు. దించుకోవడానికి మళ్లీ వరుస. ఆ తర్వాత రేవు ఖాళీ. ఒక ఓడ ఏడాదికి చేయగలిగిన ప్రయాణాలు ఇలా తగ్గిపోతాయి. ఒక్క ఓడా మునగకపోయినా దేశానికి చేరే సరుకు తగ్గుతుంది. కాన్వాయ్‌ని వ్యతిరేకించిన 1917 నాటి అధికారులు ఈ విషయంలో తప్పు చెప్పలేదు. ఈ ఒక్క పాయింటు పంపి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మనకి కాన్వాయ్ అనగానే మంత్రిగారి కార్లు గుర్తొస్తాయి, ఒకదాని వెనక ఒకటి. సముద్రం మీద అలా ఉండదు. 45 ఓడలైతే 9 వరుసలు, వరుసకి 5. వరుసకీ వరుసకీ మధ్య 1,000 గజాలు. వరుసలో ముందు ఓడకీ వెనక ఓడకీ 400 నుంచి 600 గజాలు. అంటే వెడల్పు దాదాపు 4 మైళ్లు, పొడవు ఒక మైలుకి కొంచెం పైన. పక్క నుంచి కొట్టే టార్పెడోకి తక్కువ ఓడలు కనిపించాలని అలా వెడల్పు పెంచారు. చమురు ఓడలు, మందుగుండు ఓడలు మధ్య వరుసల్లో. పొగమంచు పడితే ప్రతి ఓడా వెనక తాడు కట్టి ఒక చెక్క దుంగని లాగుతుంది. అది నీళ్లు చిమ్ముతుంటే వెనక ఓడవాడు ఆ చిమ్ముడినే చూస్తూ చుక్కాని తిప్పాలి. పగలు చెత్త పారేయకూడదు, ఎందుకంటే తేలే చెత్త వెంట శత్రువు వస్తాడు. పొగ రాకూడదు, కానీ వేసింది నాసిరకం బొగ్గు. ఇంజను తిరుగుడు రెండు మూడు చుట్లు అటూఇటూ సర్దుతూ, దీపాలు లేకుండా, రెండు వారాలకి పైగా ఆ దూరం కాపాడుకోవాలి. “గొర్రెల మంద” అని రాసినవాళ్లు ఒక్క రాత్రి ఆ చుక్కాని దగ్గర నిలబడితే ఏ మాట వాడతారో చూడాలని ఉంది.

ఇక ఆరోది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

“వెనకబడ్డ ఓడని వదిలేశారు. నీళ్లలో పడ్డవాళ్ల కోసం ఎవరూ ఆగలేదు. అందుకే మిగతావాళ్లు గమ్యం చేరారు. బలహీనుణ్ణి వదిలేయగలిగినవాడే నాయకుడు.”

మొదటి పాయింటులో కాన్వాయ్ మూర్ఖత్వం. ఆరో పాయింటుకి వచ్చేసరికి కాన్వాయ్ గమ్యం చేరింది, అది కూడా మనుషుల్ని వదిలేయడం వల్ల! ఒక పాయింటు ఇంకో పాయింటు పీక పట్టుకుంటోంది. సరే, దాన్ని పక్కన పెడదాం.

ఆగకూడదన్న ఆజ్ఞ ఉన్న మాట నిజం. ఆగిన ఓడ తర్వాతి గురి అవుతుంది, వెనక వచ్చేది దాన్ని గుద్దుకుంటుంది. 1942 అక్టోబరు 2న క్వీన్ మేరీ తన కాపలా నౌక క్యురసోవాని గుద్ది రెండు ముక్కలు చేసి, ఆజ్ఞ ప్రకారం ఆగకుండా పోయింది. 300 మందికి పైగా చనిపోయారు. అది దాచను. 1940 సెప్టెంబరు 17 రాత్రి సిటీ ఆఫ్ బెనారస్ అనే ప్రయాణికుల ఓడ మునిగినప్పుడు ఏం జరిగిందో కూడా దాచను. కాపలా నౌకలు ఆ రోజే వేరే పని మీద వెళ్లిపోయాయి. కెనడాకి పంపుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ హరికేన్ అనే డిస్ట్రాయర్ చేరలేదు. ఉత్తర అట్లాంటిక్ నీళ్లలో పది, ఇరవై నిమిషాలకే చేతులు పట్టు తప్పుతాయి. రాత్రంతా చలిలో, నీళ్లు నిండిన పడవల్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారు.

దాన్ని ఎవరూ పాఠమనుకోలేదు. ఘోరమైన లోపమనుకున్నారు, సరిదిద్దారు. 1941 జనవరి నుంచి కాన్వాయ్‌ల వెంట ‘రెస్క్యూ షిప్’ అని ప్రత్యేకంగా ఒక ఓడ నడిచింది. తీరం వెంట ప్రయాణికుల్ని తిప్పే చిన్న ఓడల్ని ఏరి తెచ్చారు. ఎందుకు చిన్నవే? వాటి అంచు నీటికి దగ్గరగా ఉంటుంది, మనిషిని పైకి లాగడం తేలిక. చటుక్కున తిరుగుతాయి. ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని, కాన్వాయ్‌ని మళ్లీ అందుకునేంత వేగం ఉంటుంది. పక్కలకి వలలు వేలాడదీసేవారు, పట్టుకుని ఎక్కడానికి. చేతుల్లో శక్తి లేనివాణ్ణి ఎత్తడానికి పొడవాటి కర్రలకి జల్లెడల్లాంటి వలలు. మోటారు పడవ ఒకటి. లోపల పడకలు, పొడి బట్టలు, ఆపరేషన్ బల్ల, నౌకాదళ వైద్యుడు. హఫ్-డఫ్ కూడా చాలావాటికి అమర్చారు. మామూలుగా ఒక వరుస చిట్టచివర, వెనక దాని స్థానం. ముందు ఓడ దెబ్బతింటే దాని మనుషులు తేలుతూ వచ్చేది అటే కదా. చీకట్లో కనిపించడానికి లైఫ్‌జాకెట్లకి చిన్న ఎర్ర దీపాలు ఇచ్చారు.

అలాంటి ఓడలు మొత్తం 30. అవి నీళ్లలోంచి తీసింది 4,194 మందిని. ఆ పని చేస్తూ వాటిలోనూ కొన్ని మునిగాయి.

రెస్క్యూ షిప్ లేకపోతే ఏమవుతుంది? పైన చెబుతానన్న 1943 మార్చి సంగతి అదే. హెచ్‌ఎక్స్-229కి రెస్క్యూ షిప్ లేదు. ఓడ మునిగినప్పుడల్లా కాపలా నౌకలే వెనక్కి తిరిగి మనుషుల్ని ఏరాల్సి వచ్చింది. ఆ సమయంలో కాపలా కంచెలో ఖాళీ, ఆ ఖాళీలోంచి ఇంకో యు-బోటు. కాపలా నౌకలే తక్కువ, అందులో ఈ పని. నీళ్లలో పడ్డవాళ్ల కోసం విడిగా ఒక ఓడ పెట్టడం దయ మాత్రమే కాదు, మిగతా నలభై ఓడలకి రక్షణ కూడా. పైగా తనని వెతకడానికి ఒకరు వస్తారని తెలిసిన నావికుడు మళ్లీ ఓడ ఎక్కుతాడు.

వెనకబడ్డ ఓడల సంగతికి వద్దాం. ఓడలు ఎందుకు వెనకబడేవి? బాయిలర్ గొట్టం కారడం, చుక్కాని యంత్రం పాడవడం, తుఫానుకి లోపల సరుకు ఒక పక్కకి ఒరగడం. ప్రతి కెప్టెన్‌కీ బయల్దేరే ముందే సీలు వేసిన కవరులో వెనకబడ్డవాళ్ల దారి ఇచ్చేవారు, దాని ప్రకారం వచ్చి కలుసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, 9 నాట్లు కూడా పోలేని ముసలి ఓడల కోసం 1940 ఆగస్టులో కెనడాలోని సిడ్నీ నుంచి వేరే కాన్వాయ్‌లే మొదలుపెట్టారు. ఎస్‌సి అంటే అవే. నిదానంగా నడిచేవాళ్లని వదిలేయలేదు, వాళ్ల నడకకి తగ్గ గుంపు కట్టారు.

వెనకబడి ఒంటరైన ఓడలకి ఏమైందో అంకెలున్నాయి. హెచ్‌ఎక్స్ కాన్వాయ్‌లు యుద్ధం మొత్తంలో 377, వాటిలో సుమారు 20,000 ఓడ ప్రయాణాలు. పోయినవి 206, అంటే నూటికి ఒకటి. ఆ 206లో కాన్వాయ్‌లో ఉండగా పోయినవి 110. వెనకబడి పోయినవి 60. గుంపు విడిపోయాక పోయినవి 36. దాదాపు అన్ని ఓడలూ ఉన్న గుంపులో 110, వెనకబడ్డ కొద్దివాటిలో 60. ఒంటరిగా నడిచేవాడే గెలుస్తాడని రాసినవాళ్లు ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చివరిగా, ఈ మెసేజ్ మొదటి నుంచి చివరి దాకా “బ్రిటిష్, అమెరికన్ నావికులు” అంటుంది. ఆ రోజుల్లో బ్రిటిష్ వాణిజ్య నౌకల సిబ్బందిలో సుమారు నాలుగో వంతు మన ఉపఖండం వాళ్లు. లాస్కర్లు అనేవారు. డెక్ మీద సరంగు, టిండాలు, కళాసీలు. కింద బాయిలర్ల దగ్గర బొగ్గు వేసే ఆగ్‌వాలాలు, వంటశాలలో భండారీలు. చాలామంది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్, చిట్టగాంగ్ వైపు వాళ్లు. ఇంగ్లీషు నావికుడి జీతంలో నాలుగో వంతుకి అటూఇటూగా వాళ్ల జీతం. 1939లో సమ్మె చేస్తే కొందర్ని జైల్లో పెట్టి, తర్వాత జీతాలు పెంచారు. టార్పెడో తగిలేది ఎక్కువగా ఇంజను గది దగ్గర. అక్కడ ఉన్నది వీళ్లే.

సిటీ ఆఫ్ బెనారస్ సిబ్బందిలో కూడా ఎక్కువమంది లాస్కర్లే. దాని పన్నెండో నంబరు పడవ ఎవరికీ దొరకకుండా కొట్టుకుపోయింది. అందులో 46 మంది, సగానికి పైగా లాస్కర్లు, ఆరుగురు పిల్లలు. ఎనిమిదో రోజున ఒక సండర్లాండ్ విమానం దాన్ని చూసింది. యాంథనీ అనే డిస్ట్రాయర్ వెళ్లి ఎక్కించుకుంది.

లండన్‌లో టవర్ హిల్ దగ్గర వాణిజ్య నావికుల స్మారకం ఉంది. చనిపోయిన భారతీయ నావికుల పేర్లు అందులో ఉండవు. సుమారు 6,000 పేర్లు ఒక పుస్తకంలో రాసి, ఒక ప్రతి ముంబైలో, ఒక ప్రతి చిట్టగాంగ్‌లో పెట్టారు.